గెడ్డ ఒడ్డున విడిది

తూర్పు కనుమలు మైదానంలోకి దిగివచ్చే అంచున చీడికాడ ఉంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణం జిల్లాలో ఉండి, అప్పటినుంచి అనకాపల్లి జిల్లాలో భాగమైన ఈ మండలానికి ఒకవైపు చోడవరం చెరకు తోటలు, మరొకవైపు మాడుగుల కొండలు. కొండలనుంచి దిగివచ్చే బొడ్డేరుపై ఈ మండలంలోని కోనాం వద్ద జలాశయాన్ని నిర్మించారు. ఇతర ప్రాంతాలవారు వాగు అని పిలిచేదాన్ని ఉత్తరాంధ్ర ప్రజలు 'గెడ్డ' అంటారు. కొండ దిగి సంతకు వచ్చేవాడైనా, సంత ముగించుకొని కొండ ఎక్కేవాడైనా మొదట బరువు దించుకొనేది గెడ్డ ఒడ్డునే. అక్కడ కాళ్ళు కడుక్కుంటాడు. దోసిలితో నీళ్ళు తాగుతాడు. చెట్టు నీడన సద్దిమూట విప్పుతాడు. మానవ నాగరికతలో బాటసారి విడిది పుట్టింది ఇటువంటి చోట్లనే. గోడలూ కప్పూ తరువాత వచ్చాయి. నీరే ముందుగా చోటును నిర్ణయించింది.

అడవి నడుమ, వాగు ఒడ్డున, కొయ్యతోనో వెదురుతోనో కట్టిన చిన్న విడిది ఇల్లు నేటి పర్యాటకులను ఎంతగానో ఆకర్షిస్తున్నది. ఇది కొత్త మోజుగా కనిపించవచ్చు. కానీ దాని వెనుక రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుసుకొంటే విడిది అందం ఎక్కడ ఉన్నదో, ఆ అందం నిలవడానికి ఎవరెవరు ఏమేమి చేయాలో కూడా తెలుస్తుంది.

బాటసారుల సౌకర్యాన్ని పాలకుని ధర్మంగా శిలపై చెక్కించినవాడు మౌర్య చక్రవర్తి అశోకుడు. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దానికి చెందిన ఆయన శాసనాలలో దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం గురించి ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్న శాసనాలలో ఈ విషయం తెలుగు నేలపైనే కనిపిస్తుంది. ఢిల్లీలోని తోప్రా స్తంభం మీది ఏడవ స్తంభ శాసనంలో బావులతోపాటు విశ్రాంతి గృహాల ప్రసక్తి కూడా ఉంది. శాసనంలోని ఈ కూర్పును గమనించాలి. నీరు, నీడ, ఇల్లు అనే మూడూ కలిస్తేనే విడిది. వీటిలో మొదటి రెండూ లేనిచోట మూడవదానికి విలువ లేదు.

చీడికాడకు సమీప ప్రాంతంలోనే ఈ సత్యానికి సాక్ష్యాలు ఉన్నాయి. అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ ఒకనాటి బౌద్ధ క్షేత్రం. సంఘారామం అనే మాటే జనుల నోట శంకరంగా మారిందని పండితులు చెబుతారు. విశాఖ తీరాన తొట్లకొండ, బావికొండ అనే మరి రెండు బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. కొండరాతిని తొలిచి, వాన నీటిని నిలువచేసిన తొట్లవల్ల ఒకదానికి ఆ పేరు వచ్చింది; బావులవల్ల రెండవదానికి వచ్చింది. అక్కడ నివసించిన భిక్షువుల పేర్లు ప్రజలు మరచిపోయారు. నేర్చిన శాస్త్రాలనూ మరచిపోయారు. నీటి జ్ఞాపకం మాత్రం కొండల పేర్లలో నిలిచిపోయింది. సంచారమే వ్రతంగా గల భిక్షువులు వానకాలంలో మూడు నెలలు ఒకచోట నిలిచేవారు. దీనినే వర్షావాసం అన్నారు. ఊరికి మరీ దగ్గరగా ఉంటే ధ్యానానికి భంగం. మరీ దూరంగా ఉంటే భిక్షకు ఇబ్బంది. ఈ రెంటికీ నడుమనున్న ప్రశాంతమైన చోటును వెదికి వారు ఆరామాలు నిర్మించుకొన్నారు. నేడు 'ఏకాంతమైన విడిది' అని దేనిని కోరుకొంటున్నారో దాని లక్షణాన్ని ఆనాడే గుర్తించారన్నమాట.

కాలక్రమంలో సత్రం అనే వ్యవస్థ ఏర్పడింది. సంస్కృతంలో సత్రమంటే మొదట చాలా రోజులపాటు సాగే యాగం. యాగంలో అన్నదానం ప్రధానం కాబట్టి, అన్నం పెట్టే చోటుకే ఆ పేరు స్థిరపడింది. కాకతీయుల కాలంనాటి మల్కాపురం శాసనం ఈ వ్యవస్థ ఎంత విస్తృతమైనదో తెలుపుతుంది. 1261వ సంవత్సరానికి చెందిన ఈ శాసనం నేటి గుంటూరు జిల్లా తుళ్ళూరు ప్రాంతంలో ఉంది. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన ధర్మసంస్థలను ఇది వర్ణిస్తుంది. మఠం, విద్యాలయం, వైద్యశాల, ప్రసూతిశాలలతోపాటు అందులో అన్నసత్రం కూడా ఉంది. ఆ సత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు వచ్చిన వారందరికీ అన్నం పెట్టాలని శాసనం నిర్దేశించింది. కులభేదాలు బలంగా ఉన్న కాలంలో, ఆకలిని మాత్రమే అర్హతగా భావించిన ఆ నిర్ణయం సాహసోపేతమైనది.

సత్రం ధర్మమైతే, పూటకూళ్ళ ఇల్లు వృత్తి. కూడు అంటే అన్నం. పూటకు ఇంత అని సొమ్ము తీసుకొని కూడు పెట్టే ఇల్లు కనుక అది పూటకూళ్ళ ఇల్లు అయింది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం' ఓరుగల్లు నగర జీవితాన్ని కళ్ళకు కట్టే వీథినాటకం. నగరం చూడవచ్చిన గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు అందులో ప్రధాన పాత్రలు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని ఆ కవి రుచిగా వర్ణించాడు. కప్పురభోగి బియ్యపు వంటకం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు ఆ విస్తట్లో ఉన్నాయి. ధర ఇంత, వంటకాలు ఇవి అని స్పష్టంగా చెప్పడం గమనించదగినది. అతిథికీ ఆతిథ్యమిచ్చేవారికీ నడుమ దానం స్థానంలో ఒప్పందం వచ్చింది. ఒప్పందం వచ్చినంత మాత్రాన ఆదరణ తగ్గనవసరం లేదని ఆ విస్తరి నిరూపిస్తున్నది.

ఈ వృత్తి శతాబ్దాలపాటు సాగింది. విజయనగరం నేపథ్యంగా గురజాడ అప్పారావు రచించిన 'కన్యాశుల్కం' నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అందులో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర. భర్తను కోల్పోయిన స్త్రీకి ఇతర జీవనోపాధి మార్గాలు మూసుకుపోయిన ఆనాటి సమాజంలో, పదిమందికి వండిపెట్టడం ఒక బతుకుతెరువు. బాటసారికి దొరికే వేడి అన్నం వెనుక ఎవరో ఒకరి కష్టం ఉంటుంది. విడిది చరిత్ర చదివేవారు మేడలను, మండపాలను చూసి మురిసిపోయి, పొయ్యి ముందు కూర్చున్నవారిని మరచిపోరాదు.

ప్రయాణంలో ఆగే చోటును తెలుగువారు మజిలీ అని కూడా అంటారు. అరబీ భాషనుంచి వచ్చిన ఈ మాట తెలుగు పిల్లలకు సైతం పరిచయమైనది మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీమజిలీ కథలు' వల్ల. మణిసిద్ధుడనే యతి తన వెంట నడిచే గోపబాలునికి ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ చెబుతాడు. పగలంతా నడక, సాయంకాలం వంట, భోజనానంతరం కథ. నడక అలసటను మరపించేది కథ. మరునాటి నడకకు ఉత్సాహమిచ్చేదీ కథే. కాబట్టి మజిలీ శరీరానికే కాక మనస్సుకు కూడా విశ్రాంతి స్థలమని ఆ గ్రంథం సూచిస్తున్నది.

కల్పిత యాత్ర అలా ఉండగా, నిజమైన కాశీయాత్రను అక్షరబద్ధం చేసినవారు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పెద్ద పరివారంతో, పల్లకీలతో, గుడారాలతో సాగిన ఆ ప్రయాణంలో ఆయన ప్రతి మజిలీ వివరాలనూ రాసుకొన్నారు. ఊరు ఎంత దూరం, దారి ఎలాంటిది, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు ఉన్నదా, నీటి వసతి ఎట్లా ఉన్నది అనే అంశాలు ఆ గ్రంథం పొడవునా కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో ఆయన శ్రీకాకుళం, విశాఖపట్టణం సీమల మీదుగానే వచ్చారు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' తరువాతి యాత్రికులకు దారిదీపమైంది. నీరు మంచిదని ఆయన రాసిన ఊళ్ళో ఆగడానికి మరొక యాత్రికుడు ధైర్యంగా సిద్ధపడగలడు. తాను అనుభవించిన సుఖాన్నీ, కష్టాన్నీ తన వెనుక వచ్చేవారికోసం నమోదు చేయడం ఉత్తమ యాత్రికుని లక్షణం.

నీటి దారులున్నచోట రేవులే మజిలీలు. గోదావరి డెల్టాలో వైనతేయ పాయ ఒడ్డునున్న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టి 'అన్నపూర్ణ'గా కీర్తి పొందారు. ఆమె ఇంటికి సత్రమని బోర్డు లేదు. ఏ రాజూ మాన్యాలిచ్చి స్థాపించిన సంస్థ కాదు. ఏరు దాటవలసిన బాటసారి ఆకలితో ఉంటాడన్న ఎరుకే దానికి పునాది. తరువాతి కాలంలో గన్నవరం వద్ద నిర్మించిన నూతన అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. ఏటి ఒడ్డున అన్నం పెట్టిన తల్లి పేరు ఏరు దాటించే కట్టడానికి చెందడం ఎంతో సముచితం.

ఆంగ్లేయుల పాలనలో విడిది రూపురేఖలు మారాయి. తెలుగు చావడి వారి నోట 'చౌల్ట్రీ' అయింది. విశాఖపట్టణంలో కలెక్టరు టర్నర్ పేరుమీద వెలసిన టర్నర్ సత్రం ఆ కాలపు గుర్తు. అయితే ఊళ్ళలోని సత్రాలకు భిన్నంగా, అడవులలో మరొక రకం విడిది వెలసింది. అదే బంగళా. ఎత్తైన పీఠం, చుట్టూ వరండా, ఏటవాలు పెంకుల కప్పు, కాస్త దూరంగా వంటగది, ఒక కావలివాడు; ఇదీ దాని స్వరూపం. కొండవాలున, వాగు వినిపించేంత దూరంలో దీనికి చోటు ఎంపిక చేసేవారు. చూడడానికి అది ముచ్చటైన కట్టడమే. కానీ దాని తలుపులు అందరికీ తెరచుకోలేదు. అది అధికారుల మకాం. మల్కాపురం సత్రం ఆకలిగొన్న ప్రతివానికీ తలుపు తెరిస్తే, అడవి బంగళా హోదాగలవానికే తెరిచింది.

ఆ బంగళాకు చేరే దారి కూడా కొండవాసుల చెమటతో తడిసినదే. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవులను ప్రభుత్వ రక్షణ కిందికి తెచ్చి, తరతరాలుగా పోడు చేసుకొని బతుకుతున్నవారికి ఆంక్షలు విధించింది. అధికారులు వస్తే వారి సామాన్లు మోయడం, దారులు వేయడం మన్యం ప్రజలకు వెట్టిగా మారింది. నర్సీపట్నంనుంచి చింతపల్లికి దారి వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు కూలీలకు న్యాయమైన కూలి ఇవ్వకుండా పీడించడం 1922నాటి మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో పోరాటం మొదలైంది. ఆతిథ్యం ఒకరికి సుఖమై, దాని భారం మరొకరికి శిక్ష అయితే ఆ విడిది ఎంత అందంగా ఉన్నా దోషయుక్తమే. ఈ పాఠాన్ని మన్యం చరిత్ర నేర్పింది.

స్వాతంత్ర్యానంతరం అడవి విడిది క్రమంగా సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో, అనంతగిరి కొండలలో తైడ అనే చిన్న స్టేషను ఉంది. విశాఖపట్టణంనుంచి అరకు వెళ్ళే దారిలో ఉన్న ఆ చోట రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 'జంగిల్ బెల్స్' పేరుతో కొయ్య కుటీరాల విడిదిని ఏర్పాటు చేసింది. అడవి మధ్య నిలిచిన ఆ కుటీరాలు ఉత్తరాంధ్ర కుటుంబాలకు, విద్యార్థి బృందాలకు చిరపరిచితాలు.

గెడ్డ ఒడ్డున విడిది అన్న మాటకు మరింత చక్కగా సరిపోయేది రంపచోడవరం మన్యంలోని మారేడుమిల్లి. 2022కు పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం రాజమహేంద్రవరంనుంచి భద్రాచలం వెళ్ళే ఘాట్ దారిలో ఉంది. దానికి చేరువలోని వాలమూరు వాగు ఒడ్డున అటవీశాఖ 'జంగిల్ స్టార్' అనే విడిదిని నెలకొల్పింది. వాలి సుగ్రీవుల యుద్ధం అక్కడి మైదానంలోనే జరిగిందని స్థానికుల విశ్వాసం. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో అడవిని ప్రజలతో కలిసి కాపాడే పద్ధతి ఆరంభమై, ఊరూరా వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో ప్రపంచ బ్యాంకు సహాయంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలైంది. ఆ క్రమంలో పర్యాటకాన్ని కూడా స్థానిక గిరిజనుల చేతులమీదుగా నడపాలన్న ఆలోచన మారేడుమిల్లిలో రూపుదిద్దుకొంది. బంగళా కాలంలో సామాను మోసిన సమాజానికి చెందినవారే ఇక్కడ నిర్వాహకులుగా, వంటవారుగా, దారి చూపేవారుగా నిలిచారు. పైకి చిన్నదిగా కనిపించినా, విడిది చరిత్రలో ఇది పెద్ద మార్పు.

ఇటువంటి విడిది సౌందర్యం దేనిలో ఉంది? మొదటిది, అది ఆ నేలకు చెందినదిగా ఉండడం. వెదురు, కొయ్య, గడ్డి వంటివి అడవికి పరాయివి కావు. ఏటవాలు కప్పు భారీ వర్షాన్ని వెంటనే జార్చివేస్తుంది. వరండా ఎండనూ జల్లునూ ఆపుతుంది. నేలకు కొంత ఎత్తున కట్టిన గచ్చు చెమ్మనూ పురుగూపుట్రనూ దూరంగా ఉంచుతుంది. అలంకారంగా కనిపించే ప్రతి అంశం వెనుక ఒక అవసరం ఉంది. కొండరెడ్ల ఇండ్లను పరిశీలించినవారికి వెదురు తడికలతో, మట్టితో, గడ్డితో ఎంత పొందికైన ఇల్లు కట్టవచ్చునో తెలుస్తుంది. కుటీర విడిదికి అసలు గురువు ఆ ఇల్లే.

రెండవది చల్లదనం. గెడ్డ పక్కన వేసవి రాత్రి కూడా హాయిగా ఉండడానికి నీరు ఒక్కటే కారణం కాదు. సూర్యాస్తమయం తరువాత కొండవాలులు వేగంగా చల్లబడతాయి. వాటిని తాకిన గాలి చల్లబడి బరువెక్కి, నీటిలాగే పల్లానికి జారుతుంది. నీరు నడిచే లోయే ఆ గాలికీ మార్గం. అందువల్ల రాత్రివేళ గెడ్డ వెంట పైనుంచి కిందికి సన్నని చల్లగాలి వీస్తుంది. ఒడ్డునున్న మద్ది చెట్ల నీడ, తడి నేలనుంచి ఆవిరయ్యే నీరు పగటి వేడిని తగ్గిస్తాయి. ఒడ్డు చెట్లను నరికివేస్తే ఈ హాయి సగానికి సగం పోతుంది.

మూడవది శబ్దం. నగరంలోని చప్పుళ్ళు ఉలికిపాటు కలిగిస్తాయి. ఒకటి ఆగి మరొకటి మొదలవుతుంది. రాళ్ళ మీదుగా పారే నీటి సవ్వడి ఎడతెగనిది. అది ఇతర చిన్న చప్పుళ్ళను తనలో కలుపుకొని మనస్సును నిలకడగా ఉంచుతుంది. కొంతసేపటికి చెవి ఆ సవ్వడికి అలవాటుపడి, దాని వెనుకనున్న సూక్ష్మధ్వనులను కూడా పట్టుకొంటుంది. ఎక్కడో కొండ గోరువంక పలకడం, వెదురు గడలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వినిపిస్తుంది. అడవి నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడం కాదు. ప్రతి చప్పుడుకూ చోటు ఉండడం.

నాలుగవది భోజనం. పచ్చి వెదురు బొంగులో కారం, ఉప్పు, మసాలా పట్టించిన మాంసాన్ని కూరి, ఆకులతో మూసి, నిప్పులమీద కాల్చే 'బొంగులో చికెన్' మారేడుమిల్లి పేరును దూరప్రాంతాలకు తీసుకువెళ్ళింది. నూనె అక్కరలేని ఆ వంటలో వెదురులోని తేమే మాంసాన్ని ఉడికిస్తుంది. పాత్ర కూడా అడవి ఇచ్చినదే. పని పూర్తయ్యాక తిరిగి అడవిలో కలిసిపోయేదే. క్రీడాభిరామంలోని విస్తరిలాగే ఇది కూడా ఆ ప్రాంతపు సంస్కృతిని వడ్డించే విస్తరి.

ఇంత సొగసూ ఒక సన్నని నీటిధార మీద ఆధారపడి ఉంది. గెడ్డ చాలా సున్నితమైనది. అదే సమయంలో ప్రమాదకరమైనది కూడా. విడిది దగ్గర చినుకైనా లేకపోయినా, పైకొండలలో భారీ వాన కురిస్తే గెడ్డ ఉన్నట్టుండి పొంగుతుంది. ఒడ్డు చెట్ల కొమ్మలకు చిక్కుకొన్న చెత్తాచెదారం వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతుంది. ఆ గుర్తులు చదవడం కొండవాసులకు తెలుసు. వారి మాట విననివారు నీటికి మరీ దగ్గరగా కుటీరాలు కట్టి, ప్రాణాల మీదికి తెచ్చుకొంటారు. ఇక మరుగుదొడ్ల గుంటలు ఒడ్డుకు చేరువగా తవ్వితే మురుగు ఇసుకలోంచి ఊరి వాగులో కలుస్తుంది. పైన అతిథి సుఖంగా స్నానం చేసిన నీటినే దిగువ పల్లెలో బిందెతో ముంచుకొంటారు. విడిది వెలసిన చోటునుంచి దిగువకు నడిచి చూస్తే తప్ప ఆ విడిది మంచిచెడ్డలు తెలియవు.

నీటితోపాటు నేల ప్రశ్న కూడా ఉంది. మన్యం భూములు చేతులు మారకుండా 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో చేసిన సవరణ దానిని మరింత కట్టుదిట్టం చేసింది. 'వన్ ఆఫ్ సెవెంటీ' అని జనం పిలిచే ఆ నిబంధన ప్రకారం షెడ్యూలు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన 'సమత' తీర్పు ప్రభుత్వం కూడా అక్కడి భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం గిరిజనుల వ్యక్తిగత, సామూహిక హక్కులను గుర్తించింది. కాబట్టి మన్యంలో గెడ్డ ఒడ్డున విడిది ఎవరిది అన్న ప్రశ్న కేవలం వ్యాపార ప్రశ్న కాదు. చట్టానికీ న్యాయానికీ సంబంధించినది. తన పొలంలోనే తాను కూలివాడుగా మారే పరిస్థితి ఏ గిరిజనునికీ రాకూడదన్నదే ఈ చట్టాల పరమార్థం.

ఇటీవలి సంవత్సరాలలో లంబసింగి చలికీ, వంజంగి మేఘాల దృశ్యానికీ వేలాదిగా జనం తరలివస్తున్నారు. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వెళ్ళే ఘాట్ దారి సెలవు దినాలలో వాహనాలతో నిండిపోతున్నది. ఇందువల్ల మన్యం యువతకు కొంత ఉపాధి దొరుకుతున్న మాట వాస్తవం. గుడారాలు అద్దెకిచ్చి, టీ అమ్మి, వాహనాలు నడిపి అనేకులు సంపాదించుకొంటున్నారు. అయితే ప్లాస్టిక్ సీసాలు, పలకలు, పెద్ద శబ్దాల పాటల పెట్టెలు కూడా వారి వెంటే కొండ ఎక్కుతున్నాయి. ఏ ఏకాంతాన్ని వెదుక్కుంటూ జనం వస్తున్నారో, ఆ ఏకాంతం వారి రాకవల్లనే చెదిరిపోతున్నది. కొలను అందం చూడవచ్చినవాడు అందులో దిగి నీటిని కలచివేసినట్లు ఉంటుంది ఇది. అలాగని ఎవరూ రాకూడదని తలుపులు మూయడం పరిష్కారం కాదు. ఒక గెడ్డ ఎందరిని మోయగలదో లెక్కించి, అంతమందికే చోటు కల్పించడం, ఆ లెక్కను గ్రామసభ సమ్మతితో నిర్ణయించడం, వచ్చిన ఆదాయంలో ఊరికి న్యాయమైన భాగం చెందేటట్లు చూడడం అవసరం.

ఇది సాధ్యమేనా అన్న సందేహానికి జపాన్ దేశం ఒక సమాధానం చూపుతుంది. అక్కడి యమనాషి ప్రాంతంలో, కొండల నడుమ ఒక ఏటి లోయలో కెయున్‌కాన్ అనే విడిది ఉంది. వేడినీటి ఊటల పక్కన క్రీస్తు శకం 705లో దానిని స్థాపించారని చెబుతారు. ప్రపంచంలోనే అతి పురాతనమైన విడిది గృహంగా 2011లో గిన్నిస్ సంస్థ దానిని గుర్తించింది. రాజవంశాలు మారాయి, యుద్ధాలు వచ్చాయి, ప్రయాణ సాధనాలు రూపాంతరం చెందాయి. కొయ్యతో కట్టిన భాగాలను ఎన్నోసార్లు తిరిగి నిర్మించుకొంటూ, తరం తరువాత తరం ఆ విడిదిని నడుపుకొంటూ వచ్చారు. పదమూడు శతాబ్దాలపాటు చెక్కుచెదరక నిలిచినది కొయ్య కాదు; ఊట. ఊట నిలిచినంతకాలం దాని పక్కన ఇల్లు నిలుస్తుంది. నీటిని పాడుచేసుకొన్న విడిది పాలరాతితో కట్టినా నిలవదు.

అతిథి అనే మాటకు తిథి నియమం లేకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెప్పారు. చెప్పకుండా, ఎరుగని ఊరిలో, ఆకలితో తలుపు తట్టినవానిని దైవంగా భావించాలని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. నేటి పర్యాటకుడు అటువంటి అతిథి కాడు. తిథి ముందే నిర్ణయించుకొని, గదికి సొమ్ము చెల్లించి, వాహనం దిగి వస్తాడు. నిస్సహాయతలోంచి పుట్టిన పూర్వపు గౌరవం అతనికి ఊరకనే దక్కదు; నడవడితో సంపాదించుకోవాలి. కొండ దారిలో అతడు తన ఇంట్లో లేడు, వేరొకరి ఇంట్లో ఉన్నాడు. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవడం, నీటిని కలుషితం చేయకపోవడం, గిరిజనులను చిత్రపటాల్లోని వింత వస్తువులుగా కాక గృహస్థులుగా గౌరవించడం, వండిపెట్టిన చేతికి న్యాయమైన ధర చెల్లించడం అతని ధర్మాలు.

బాటసారి మారాడు, బాట మారింది, విడిది కట్టే విధానం మారింది. రాతి తొట్ల పక్కన భిక్షువులు, సత్రం పంక్తిలో ఆకలిగొన్నవారు, పూటకూళ్ళ ఇంట మిత్రులు, గుడారంలో కాశీయాత్రికుడు, కుటీరంలో నేటి విద్యార్థులు, అందరూ వేర్వేరు కాలాలవారు. వీరందరికీ దాహం తీర్చినది ఒక్కటే. విడిదిని నడిపేవారు దాని గోడలను ఎంత శ్రద్ధగా చూసుకొంటారో, దాని పక్కన పారే గెడ్డను, ఆ గెడ్డ దిగువన బతికే పల్లెను అంతకు మించిన శ్రద్ధతో చూసుకోవాలి. ఉదయాన విడిది విడిచి వెళ్ళే అతిథి వెనుక గెడ్డ తేటగా పారుతూ ఉంటే చాలు. ఆ రాత్రి బస సార్థకమైనట్లే.